మమ్మల్ని లేవమన్న కాగితం ఏది?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో న్యాయసహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడైన అల్లాహ్ పేరుతో.



కార్యదర్శిగారు ఇప్పుడే ఏడాది లెక్కలు చదివారు. జకాత్ పంపిణీ, పిల్లల ఫీజులు, మయ్యత్ బండి డీజిలు ఖర్చుల మధ్య ఒక చిన్న పద్దు వచ్చింది. పోస్టల్ ఆర్డర్లు, పోస్టు ఖర్చులు, జిరాక్సులు. బీదలకు పెట్టవలసిన సొమ్ములో ఈ కాగితాల గొడవ ఏమిటని కొందరు సభ్యులు అడిగారు. అడగడం న్యాయమే. ఆ పద్దుకు జవాబు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నిరుడు జరిగింది మీలో చాలామందికి తెలుసు. మన ఖబరస్తాన్ తూర్పు గోడ పడిపోయి, ఆ వైపు చెత్త పోయడం మొదలైంది. అర్జీలు పెట్టాం, తిరిగాం. చివరికి జుహర్ నమాజు తర్వాత తహసీల్దారు కార్యాలయం ఎదుట చెట్టు కింద కూర్చున్నాం. దారికి అడ్డం లేదు. నినాదాలు కూడా పెద్దగా లేవు. ముందు వరసలో అంతా గడ్డాలు నెరిసినవాళ్లే. గంట కాకముందే పోలీసు వ్యాను వచ్చింది. "163 సెక్షన్ అమల్లో ఉంది, వెంటనే లేవండి" అని మైకులో చెప్పారు. పెద్దవాళ్లు చెప్పులు వెతుక్కుంటూ లేస్తుండగానే లాఠీలు లేచాయి. ఒక పెద్దాయన మణికట్టు విరిగింది. సాయంత్రానికి ఆరుగురు కుర్రాళ్ల మీద కేసు కట్టారు. విధులకు ఆటంకం కలిగించారనీ, వెళ్లమంటే వెళ్లలేదనీ.

ఆ రాత్రి ఇషా తర్వాత మసీదు వరండాలో రెండు మాటలు వినిపించాయి. రేపు రెట్టింపు మందితో వెళ్దామని కుర్రాళ్లు. ఎవరినైనా పట్టుకుని రాజీ చేసుకుందాం, పిల్లల భవిష్యత్తు ఉందని పెద్దలు. రెవెన్యూలో గుమాస్తాగా చేసి రిటైరైన మన కోశాధికారిగారు అంతదాకా మాట్లాడలేదు. చివర్లో ఒక్క మాట అన్నారు. "మనల్ని లేవమన్నారు కదా, ఏ కాగితం మీద లేవమన్నారో అడుగుదాం."

అప్పటికి ఆ మాట మాకు చప్పగా అనిపించింది. అందులో బరువు ఎంత ఉందో తర్వాత తెలిసింది.

చట్టం ఏం చెబుతుందో ముందు చూద్దాం. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19(1)(బి) అధికరణంలో ఉంది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, శాంతిభద్రతల కోసం దానికి సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చని 19(3) చెబుతుంది. మనలో కొందరు ఆ రెండో మాట మరిచిపోతారు. అధికారుల్లో కొందరు మొదటి మాట మరిచిపోతారు. రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చునే హక్కు లేదని షాహీన్ బాగ్ వ్యవహారంలో 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వీధిలో సభ పెట్టుకోవడాన్ని పూర్తిగా పోలీసు కమిషనర్ ఇష్టాయిష్టాలకు వదిలేయడం చెల్లదని 1972లోనే హిమ్మత్ లాల్ షా కేసులో చెప్పింది కూడా ఆ కోర్టే. మన దగ్గర, రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ వచ్చిన జీవో 1ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2023 మే 12న కొట్టివేసింది.

ఇక లేపడం సంగతి. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 144 ఇప్పుడు 163. పాత 129 ఇప్పుడు 148. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవాలి. 163 కింద నిషేధం పెట్టాలంటే మేజిస్ట్రేటు అధికారం ఉన్నవారు లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అందులో కారణమైన వాస్తవాలు రాయాలి. మామూలుగా అది రెండు నెలలకు మించి ఉండదు. 148 కింద చట్టవిరుద్ధ సమూహాన్ని, లేదా శాంతిభంగం కలిగించే అవకాశమున్న అయిదుగురు అంతకు మించిన గుంపును వెళ్లిపొమ్మని ఆజ్ఞాపించవచ్చు. ఆజ్ఞాపించేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ అధికారి గానీ, ఆయన లేనప్పుడు ఎస్సై స్థాయికి తగ్గని అధికారి గానీ అయి ఉండాలి. ముందు ఆజ్ఞ. వెళ్లకపోతేనో, వెళ్లబోమని తమ నడతతో చూపిస్తేనో బలప్రయోగం. చట్టంలో వరస ఇది.

కశ్మీర్ ఆంక్షల మీద అనురాధా భసీన్ వేసిన కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది. ఇలాంటి ఉత్తర్వులను ప్రచురించాలి, బాధితులు కోర్టులో ప్రశ్నించడానికి వీలుండాలి, న్యాయమైన అసమ్మతిని అణచడానికి ఈ సెక్షన్‌ను వాడకూడదు అని. అంటే మైకులో చెప్పిన ప్రతి "163" వెనుకా ఒక కాగితం ఉండి తీరాలి. ఆ కాగితం అడిగే హక్కు సమాచార హక్కు చట్టం, 2005 మనకిచ్చింది. పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను బాధితులకు తెలపాలని ఆ చట్టం సెక్షన్ 4(1)(డి) చెబుతోంది.

ఇప్పుడు మేము చేసిన పని, చేసిన తప్పులు కూడా చెబుతాం.

మొదటి తప్పు ధర్నాకు ముందే జరిగింది. మూడు రోజుల ముందు స్టేషన్‌లో కాగితం ఇచ్చాం. "సరే, కూర్చోండి" అన్నారు. సంతోషంగా వచ్చేశాం. అందినట్టు ముద్ర వేయించుకోలేదు. తర్వాత కేసులో "అనుమతి కోరలేదు" అని రాశారు. కాదని చూపడానికి మా చేతిలో ఏమీ లేదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించో ఇక్కడున్న పిల్లలు కూడా చెబుతారు. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసిపెట్టుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని. అన్నదమ్ముల మధ్య కూడా రాత ఉండాలన్న ధర్మం మనది. అది చదివి కూడా ముద్ర వేయించుకోకుండా వచ్చాం.

రెండో తప్పు ఆలస్యం. రాజీయా, రచ్చా అని కొట్టుకుంటూ నెలన్నర పోగొట్టుకున్నాం. పోలీసులు ఆ రోజు తీసిన వీడియో, కూడలి కెమెరా దృశ్యాలు అడిగేసరికి "భద్రపరచలేదు" అని జవాబు వచ్చింది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అలా పోయింది. ఇక ముందు ఎక్కడ ఏం జరిగినా, మర్నాడే "ఫలానా తేదీ, ఫలానా సమయం దృశ్యాలు చెరిపివేయకుండా ఉంచండి" అని ఒక ఉత్తరం రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

దరఖాస్తు సంఘం పేరుతో పెట్టలేదు. చట్టంలో ఈ హక్కు పౌరులది కనుక సభ్యుడొకరి పేరుతో పెట్టాం. తెలుగులోనే రాశాం. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. రాయడం రానివారికి సమాచార అధికారే సాయం చేయాలి. మన రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజే లేదు. తప్పు కార్యాలయానికి పంపినా, వారే అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలి.

మొదట మేము రాసిన ప్రశ్న "మా పెద్దల్ని ఎందుకు కొట్టారు?" అని. కోశాధికారిగారు దాన్ని కొట్టేశారు. "ఎందుకు అని అడిగితే జవాబు రాదు. ఉన్న కాగితం పేరు చెప్పి అడగాలి" అన్నారు. అప్పుడు ఇలా రాశాం. ఆ తేదీన అమల్లో ఉన్న 163 ఉత్తర్వు నకలు. ఆనాటి బందోబస్తు ఉత్తర్వు. స్టేషన్ జనరల్ డైరీలో ఉదయం నుంచి రాత్రి వరకు నమోదైన పేజీలు. కంట్రోల్ రూమ్ లాగ్, సెట్‌లో వెళ్లిన సందేశాల నమోదు. ఘటన తర్వాత పై అధికారులకు పంపిన నివేదిక. ఉత్తర్వు నకలు కోసం తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టరు కార్యాలయాలకూ విడివిడిగా పెట్టాం. ఎఫ్ఐఆర్ కోసం దరఖాస్తు అక్కరలేకపోయింది. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పి ఉంది.

ముప్పై రోజుల గడువు చివర్లో పోలీసుశాఖ నుంచి ఒక్క వాక్యం వచ్చింది. కేసు దర్యాప్తులో ఉంది, సెక్షన్ 8(1)(హెచ్) కింద ఇవ్వలేము అని. సగం మంది అక్కడే ఆగిపోతారు. మేమూ ఆగిపోయేవాళ్లమే. వకీలు సాబ్ చెప్పారు, ఆ సెక్షన్ చెప్పేది దర్యాప్తు ఉందా లేదా అని కాదు, సమాచారం ఇస్తే దర్యాప్తుకు ఆటంకమా కాదా అని. 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది, దర్యాప్తు నడుస్తోందన్నంత మాత్రాన నిరాకరించడం కుదరదు, ఎలా ఆటంకమో కారణం చూపాలని. మరో సంగతి, ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చే, లేదా రహస్యంగా సమాచారమిచ్చిన వారెవరో బయటపెట్టే భాగం ఉంటే 8(1)(జి) కింద దాన్ని ఆపవచ్చు. అప్పుడు కూడా సెక్షన్ 10 కింద ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి. ఈ మాటలన్నీ రాసి ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేశాం.

అప్పీలు విన్న అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాదగా విన్నారు. ఈ మాట చెప్పడం ధర్మం. రెండు పేర్లు నల్ల సిరాతో కొట్టేసి జనరల్ డైరీ పేజీ ఇప్పించారు. అందులో ఏముందో తెలుసా? "గుంపును హెచ్చరించగా శాంతియుతంగా చెదిరిపోయిరి" అని ఉంది. అదే స్టేషన్, అదే రోజు. ఎఫ్ఐఆర్‌లో మాత్రం వెళ్లమంటే వెళ్లక అడ్డుకున్నారని ఉంది. రెండిట్లో ఒకటి నిజం కాదు. ఇక 163 ఉత్తర్వు గురించి మూడు రెవెన్యూ కార్యాలయాల నుంచీ ఒకటే జవాబు. ఆ తేదీన అటువంటి ఉత్తర్వేదీ లేదు.

లేదు అన్న జవాబు చూసి మాలో కొందరు నిరాశపడ్డారు. ఏమీ దొరకలేదు కదా అన్నారు. ముద్రతో, సంతకంతో వచ్చిన "లేదు" అన్న మాట కన్నా మాకు కావలసింది ఏముంది? మైకులో చదివిన సెక్షన్‌కు కాగితం లేదని ప్రభుత్వమే రాసిచ్చింది.

ఈ కాగితాలు ఇప్పుడు వకీలు సాబ్ ఫైల్లో ఉన్నాయి. కేసు ఇంకా నడుస్తోంది. గెలిచామని చెప్పడం లేదు. పెద్దాయన మణికట్టు ఇప్పటికీ సరిగ్గా తిరగడం లేదు, వుజూ చేయడానికి మనవడు నీళ్లు పోస్తున్నాడు. అయితే ఆ ఆరుగురు కుర్రాళ్లు ఇప్పుడు వాయిదాకు వెళ్లేటప్పుడు తల వంచుకుని వెళ్లడం లేదు. వాళ్లలో ఇద్దరు ఈ ఏడాది ఊళ్లో వితంతు పింఛన్ల కోసం, రేషన్ కార్డుల కోసం మన అమ్మలకు దరఖాస్తులు రాసిపెడుతున్నారు. ఆ చిన్న పద్దులో సగం ఖర్చు వాళ్లదే.

కాగితానికి ఎంత విలువ ఉంటుందో రామ్‌లీలా మైదానం కేసు చెబుతుంది. 2011 జూన్ 4 అర్ధరాత్రి దాటాక ఢిల్లీలో నిద్రపోతున్న జనం మీదికి పోలీసులు వెళ్లారు. పత్రికల్లో చూసి సుప్రీంకోర్టు తనంత తానే కేసు తీసుకుంది. 2012 ఫిబ్రవరి 23న తీర్పు ఇచ్చింది. అనుమతి ఎప్పుడు రద్దయింది, 144 ఉత్తర్వు ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది అని కాగితాలు తిప్పి చూసి, పోలీసు చర్యను తప్పుపట్టింది, నష్టపరిహారం ఇమ్మంది. నిర్వాహకుల నిర్లక్ష్యం కూడా ఉందని పరిహారంలో పాతిక శాతం వారి ట్రస్టునే భరించమంది. అక్కడ కూర్చున్నవారు మన సంఘీయులు కారు, వారి కోరికలు మనవి కావు. అయినా ఆ తీర్పు మనకూ రక్ష, మనకూ హెచ్చరిక.

ఒక మాట యువకులకు. ఏదైనా వార్త వస్తే నిజానిజాలు విచారించుకోమని సూరా హుజురాత్ మనకు నేర్పింది. లాఠీ లేచిన అరగంటలో ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఏది మన ఊరిదో ఏది కాదో తెలియదు. కాగితం అడగడమంటే కూడా విచారించుకోవడమే. అది పోలీసుల మీద పగ కాదు. వారిలో మన బిడ్డలూ ఉన్నారు. ఉత్తర్వు నిజంగా ఉండి, కారణం సరైనదై ఉంటే, మన తప్పు మనం ఒప్పుకోవాలి. అందుకు కూడా ముందు ఆ ఉత్తర్వు చూడాలి కదా.

మొదటి అప్పీలులో న్యాయం జరగకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు ఉంది. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా ఉంది. కమిషన్‌లో ఆలస్యం అవుతుంది, తెలుసు. సబర్ చేయాలి, తారీఖులు మాత్రం తప్పకూడదు.

కమిటీ కోరేది ఇంతే. ఇకపై మన సంఘం ఎక్కడ కూర్చున్నా, ముద్ర పడిన అర్జీ నకలు జేబులో ఉండాలి. ఒకరు గడియారం చూసి ఏ నిమిషానికి ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాయాలి. దెబ్బ తగిలినవారిని అదే రోజు సర్కారు ఆస్పత్రిలో చూపించి చీటీ తీసుకోవాలి. మర్నాడే ఉత్తరం, వారంలో దరఖాస్తు వెళ్లాలి. ఆ చిన్న పద్దును వచ్చే ఏడాది కూడా మంజూరు చేయాలి.

ఖబరస్తాన్ గోడ సగం లేచింది, అల్‌హమ్దులిల్లాహ్. మిగతా సగానికి అర్జీ పోయిన సోమవారమే ఇచ్చాం. ఈసారి ముద్ర వేయించుకున్నాం.

మన నోటికి సత్యాన్ని, మన చేతికి న్యాయాన్ని, అధికారంలో ఉన్నవారి మనసుకు దయను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.