పరిణామ పాఠము - దశావతారములు



పహాణీ లెక్కలు వ్రాసికొనువానికి విజ్ఞానశాస్త్రముతో నేమి పనియని కొందరనవచ్చును. పరిణామ పాఠము చెప్పునపుడు పిల్లలు దశావతారముల మాట ఎత్తుచున్నారనియు, ఏమి చెప్పవలెనో తోచక పాఠమును త్వరగా దాటించుచున్నామనియు ఉపాధ్యాయులు కొందరు నాతో ననిరి. పురాణములు చదువుకొన్నవాడను గనుక ఈ నాలుగు మాటలు.

2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత విజ్ఞాన మహాసభలో, ఆంధ్ర విశ్వవిద్యాలయపు నాటి ఉపకులపతి జి. నాగేశ్వరరావుగారు డార్విను సిద్ధాంతముకంటె దశావతార క్రమమే మేలైనదని పలికిరి. శాస్త్రజ్ఞులు నిరసించిరి. నా బాధ వేరు. ఆ మాటవలన పురాణమునకే అన్యాయము జరిగినది. అవతారమనగా దిగివచ్చుట. ఆర్తుల మొర విని, సంకల్పించి, స్వామి దిగివచ్చును. చేపనుండి తాబేలు పుట్టినదని వ్యాసులవారెచ్చటను చెప్పలేదు. అది మెట్లవరుసయే యైనచో, సీతాకల్యాణానంతరము పరశురాముడును శ్రీరాముడును ఎదురెదురుగా నెట్లు నిలిచిరి? 1859లో వెలువడిన డార్విను గ్రంథము చెప్పినది సంకల్పములేని మార్పు. ఒక్క తల్లి పిల్లలలోనే స్వల్ప భేదములుండును. పరిసరములకు తగినవి ఎక్కువగా బ్రదికి సంతతిని పెంచును. అట్లు తరతరములు గడచును.

దీనికి దాఖలాలు మన ప్రాంతముననే కలవు. 1871లో ఇల్లెందు వద్ద డాక్టరు కింగు బొగ్గు కనుగొనెను. ఆ గోండ్వానా పొరలలో, నేడు భూమిపై నెచ్చటను లేని గ్లాసాప్టెరిస్ చెట్ల ఆకుముద్రలున్నవి. అవి 25 కోట్ల యేండ్లకు పూర్వపువి. ఎగువన ప్రాణహిత-గోదావరి లోయలో యామనపల్లి వద్ద దొరికిన రాక్షసబల్లి, కోటాసారస్, హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిచియున్నది. బొగ్గు పొరలలో అట్టి బల్లుల జాడలేదు. వానికి పైనున్న పొరలలో కలదు. లెక్కలవాడనగుటచేత ఈ వరుస నాకు మిక్కిలి ముచ్చటగొల్పినది: అడుగు పుట ముందు వ్రాసినది, పై పుట తరువాత వ్రాసినది.

2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు పదవ తరగతి పుస్తకమునుండి పరిణామ భాగమును తొలగింపగా, 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులును అధ్యాపకులును వలదని లేఖ వ్రాసిరి. అప్పుడది 12వ తరగతి జీవశాస్త్రమున మిగిలినది. అడవిపల్లెలనుండి అంతవరకు వచ్చి, అందునను జీవశాస్త్రము తీసికొను పిల్లలెందరు? పదవ తరగతితో ఆగిపోవు కోయబాలునికి తన గట్టు పుట్టుకథ చెప్పుటకు ఇంట పెద్దలున్నారు. కాలిక్రింది రాతికథ చెప్పుటకు బడితప్ప దిక్కెవరు?

కావున ఉపాధ్యాయులకు నా విన్నపము. పాఠము దాటింపకుడు. అవతారముల మాట ఎత్తిన పిల్లవానిని గద్దింపకుడు, నవ్వకుడు. కథను తెలుగు తరగతిలో చదువుకొందమని చెప్పి, ఆకుముద్రగల రాతిని వాని చేతికిండు. తలిదండ్రులెవరైన ఆక్షేపించినచో సాయంకాలము ఈ గ్రంథాలయమునకు పంపుడు. భాగవతము అష్టమ స్కంధము తీసి, మత్స్యావతార కథ నేనే చదివి వినిపింతును.