ముద్ద మింగగానే కళ్ళు తిరిగితే
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము వైద్యులం కాము, ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. కమిటీవారు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు కనుక, జనం అంతగా ఎరుగని ఒక జబ్బును ఎంచుకున్నాము.

కొందరు ముద్ద మింగిన కొద్ది క్షణాలకే కళ్ళు చీకట్లు కమ్మి, మొహం పాలిపోయి, దస్తర్‌ఖాన్ మీదే ఒరిగిపోతారు. కాసేపటికే లేచి "ఏమైంది?" అంటారు. పడినప్పుడు చేతులు కాళ్ళు కాస్త కొట్టుకోవచ్చు కూడా. అంతే, మనవాళ్ళు మూర్ఛ అనేసి చేతిలో తాళంచెవి పెడతారు. ఇంకొందరు ఆసేబ్ అని తావీజు కడతారు. ఆడపిల్లయితే ఆ ఒక్క మాటకే సంబంధం తప్పిపోతుంది. మూర్ఛ మాత్రలు ఎన్ని మింగినా గుణం కనబడదు. ఎందుకంటే తప్పు అక్కడ లేదు.

మెదడు నుంచి మెడ గుండా దిగే వేగస్ అనే నరం ఒకటున్నది. అన్నవాహికకూ గుండెకూ అదే. ముద్ద దిగేటప్పుడు ఆ నరం అతిగా స్పందిస్తే గుండె నెమ్మదిస్తుంది, కొన్ని సెకన్లు ఆగిపోతుంది కూడా. మెదడుకు రక్తం అందక మనిషి పడతాడు. చల్లని సోడా, నమలని పెద్ద ముద్ద, మరీ వేడి చాయ్ కొందరికి ఇలా చేస్తాయి. ఇఫ్తార్‌లో ఐసు షర్బత్ ఒక్క గుక్కలో తాగే కుర్రాళ్ళు వింటున్నారనుకుంటాము! గొంతుకు అడ్డుపడితే మాత్రం అది వేరు. వాడు మాట్లాడలేక గొంతు పట్టుకుంటాడు.

మామూలు ఈసీజీ తరచు బాగానే వస్తుంది. కాబట్టి "మింగేటప్పుడే వస్తున్నది" అని డాక్టరుగారికి చెప్పి తీరాలి. అప్పుడు ఏది తింటే వస్తున్నదో అదే తినిపిస్తూ ఈసీజీ చూస్తారు. ఇది ఆస్పత్రిలోనే, ఇంట్లో పరీక్ష చేయరాదు. హోల్టర్ అనే చిన్న యంత్రం కట్టి 24 గంటలు గుండె నడక రాసుకోవడమూ ఉన్నది. అన్నవాహికలో ఇరుకు, హెర్నియా ఉన్నాయేమో ఎండోస్కోపీతో చూస్తారు. ఉంటే ముందు దానికి వైద్యం. అటెనొలాల్ వంటి బీపీ మాత్రలు గుండెను నెమ్మది చేస్తాయి, వాడుతుంటే చూపించండి, సొంతంగా మానకండి.

కొందరికి చిన్న ముద్దలు, బాగా నమలడం, పడని పదార్థం మానడం చాలు. చాలకపోతే ఛాతీ పైభాగాన చర్మం కింద పేస్‌మేకర్ పెడతారు. ఖర్చుకు భయపడేవారికి ఒక మాట: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ చికిత్స ఉన్నది. ఫ్యాక్టరీ పనివారు ఈఎస్‌ఐ కార్డుతో ముందు నాచారం ఈఎస్‌ఐ ఆస్పత్రిలో చూపించుకోవచ్చు.

పడినవారి నోట్లో మెతుకులు తీసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నీళ్ళు పోయకండి. వెంటనే తెలివి రాకపోతే 108కి ఫోన్ చేయండి.