ఇంటర్నెట్ లేకపోయినా పై గది నుంచి కింది కంప్యూటరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన సమయం పది నిమిషాలే కనుక నేరుగా విషయానికి వస్తాను.

రంజాన్ నెలలో మన కార్యాలయానికి జకాత్ దరఖాస్తులు వస్తాయి. ఎవరికి అప్పుంది, ఎవరి బిడ్డకు జబ్బు చేసింది, ఆ వివరాలన్నీ కింది గదిలోని కంప్యూటరులో ఉంటాయి. పరిశీలించే పెద్దలేమో మేడమీద కూర్చుంటారు. పోయిన ఏడు జాబితాను పెన్‌డ్రైవులో వేసి పైకి పంపేవాళ్లం. ఒకనాడు అది కనబడలేదు. రెండు రోజుల తర్వాత ఒక కుర్రవాడి చొక్కా జేబులో దొరికింది. దొరక్కపోయి ఉంటే? మనల్ని నమ్మి కష్టం చెప్పుకున్న ఆడబిడ్డల ముఖం ఎట్లా చూసేవాళ్లం? అది మన దగ్గరున్న అమానత్ కదా!

దీనికి ఉపాయం రిమోట్ డెస్క్‌టాప్. అంటే ఒక కంప్యూటరు ముందు కూర్చుని మరో కంప్యూటరును నడపడం. అక్కడి తెర ఇక్కడ కనిపిస్తుంది, ఇక్కడ నొక్కిన మీట అక్కడ పనిచేస్తుంది. ఫైలు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

"ఇంటర్నెట్ లేకుండా ఇదెట్లా కుదురుతుంది భాయ్?" అని అడుగుతారు. ఊరికొచ్చే రోడ్డు తెగినా పక్కింటికి పోవడానికి అడ్డేముంది? రెండు కంప్యూటర్లూ ఒకే రౌటరుకు కలిసి ఉంటే చాలు.

చేయవలసింది ఇదీ. కింది కంప్యూటరులో విండోస్ ప్రొఫెషనల్ రకం ఉండాలి. హోమ్ రకం నుంచి ఇంకో కంప్యూటరును నడపవచ్చు గాని, దాన్ని ఈ పద్ధతిలో ఇతరులు నడపలేరు. అట్లాంటి చోట వి.ఎన్.సి. రకం సాఫ్ట్‌వేరు వేసుకోవచ్చు. కింది కంప్యూటరు సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆన్ చేయండి. నిద్రలోకి పోకుండా చూడండి. రౌటరులో దానికి 192.168.1.10 వంటి ఒక చిరునామాను ఖాయం చేయండి. పైన రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తెరిచి ఆ చిరునామా, పేరు, పాస్‌వర్డు ఇస్తే సరి. పైన పని జరుగుతున్నంతసేపూ కింది తెర తాళం పడినట్టు ఉంటుంది. అది చెడిపోయిందని కంగారు పడకండి.

ఇక జాగ్రత్తలు. కనెక్షన్ పెట్టేటప్పుడు లోకల్ రిసోర్సెస్‌లో క్లిప్‌బోర్డు, డ్రైవుల గుర్తులు తీసేయండి. లేకపోతే ఫైళ్లు పైకి కాపీ చేసుకునే వీలుంటుంది. పరిశీలించే వారిలో ఎవరి పాస్‌వర్డు వారికే ఉండాలి. గోడమీద రాసి అంటించకండి. రేపు ఇంటర్నెట్ పెట్టించుకున్నా 3389 పోర్టును బయటికి తెరవకండి. లోకమంతా మన తలుపు తట్టడానికి అదే దారి అవుతుంది.

సోదరులారా, కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. తీసుకున్నవారి పేరు వీధికి తెలియకుండా చూడడం కూడా ఆ దానంలో భాగమే. వచ్చే రంజాన్‌కు ఆ పెన్‌డ్రైవు అవసరం మనకు రాకూడదు.

వస్సలాం.