పాత వెబ్‌సైట్‌ను మార్చేటప్పుడు ముందు అక్షరం

పల్నాడులోని కారెంపూడి వీరుల గుళ్ల గురించో, మాచర్ల చెన్నకేశవస్వామి ఆలయం గురించో ఇరవై ఏళ్ల కిందట ఎవరైనా సొంత వెబ్‌సైట్ పెట్టి ఉంటే, బహుశా అది మైక్రోసాఫ్ట్ ఫ్రంట్‌పేజ్‌లో చేసినదై ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ 2006లో ఆపేసింది. ఇప్పుడు ఆ సైటును వర్డ్‌ప్రెస్‌లోకో, గూగుల్ సైట్స్‌లోకో మార్చాలంటే చాలామంది ముందు రంగులు, డిజైన్ చూస్తారు. నిజానికి ముందు కాపాడుకోవలసింది అక్షరాలను. ఆనాటి తెలుగు పేజీల్లో చాలావాటిలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మాటున దాగి ఉంటాయి. వాటిని తెలుగుగా చూపే ప్రత్యేక ఫాంటు లేకపోతే తెర మీద అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే కనిపిస్తాయి. ప్రతి భాష అక్షరాలకూ విడివిడి సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో మాత్రం 'ప' అక్షరానికి 3114 అనే సొంత సంఖ్య ఉంది; ఏ ఫోన్‌లోనైనా అది 'ప'గానే ఉంటుంది.

పాత సైటు ఇంకా తెరుచుకుంటోందిగా అని కొందరంటారు. తెరుచుకోవచ్చు, కానీ 'పల్నాటి యుద్ధం' అని వెతికేవారికి అది దొరకదు. మార్చే సాధనాలు ఉన్నాయి కదా అంటారు మరికొందరు. ఉన్నాయి, అయినా 'మాచర్ల', 'పల్నాడు' లాంటి మాటల్లో ఒత్తులు తారుమారయ్యే ప్రమాదం ఉంది. మనిషి కూర్చుని సరిచూడాల్సిందే. పైగా సైటును కొత్తగా పెట్టిన వేదిక కూడా ఏదో ఒకరోజు ఆగిపోవచ్చు. సొంత వెబ్‌సైట్లకు చోటిచ్చిన యాహూ జియోసిటీస్ 2009లో అలాగే మూతపడింది. అందుకే యూనికోడ్‌లోకి మార్చిన పాఠానికీ, ఫొటోలకూ ఒక ప్రతి మన దగ్గరే ఉంచుకోవాలి. అది ఉంటే సైటును ఎన్నిసార్లయినా మళ్లీ కట్టుకోవచ్చు.