చిత్రము మిగిలెను, చిత్రకారు డేడి?
(పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



కాగితముపై దళసరి నీటిరంగులతో వ్రాయబడిన మన చిన్ని చిత్రములను జూచి మన మందఱము ముగ్ధుల మగుచుందుము. కాని వీని నెవ్వరు వ్రాసిరని యడుగువారు మనలో నెందఱు? రాజుల పేరులు మనకు దెలియును. ఆ రాజులను చిరంజీవులుగా జేసిన పనివారి పేరులను మఱచితిమి.

వారి పరిశ్రమ యెట్టిదో చిత్తగింపుడు. కొన్ని కాగితముల నొకదానిపై నొకటి యంటించి యట్టగా జేయుదురు. దానికి 'వసలీ' యని పేరు. దానిపై రేఖలు గీచి, పలుచని తెల్లపూత పూసి, మరల రేఖలను సరిదిద్ది, ఖనిజములను నూరి బంకతో గలిపిన రంగులను పొరలు పొరలుగా నింపుదురు. నడుమ చిత్రమును బోర్లించి నున్నని రాతితో రుద్దుటచే రంగు కాగితముతో నేకమై మెఱయును. తుదకు ఉడుత వెండ్రుకల కుంచెతో కనుఱెప్పలను సైతము దీర్తురు. బసోహ్లీ చిత్రకారులు పురుగుల రెక్కల తునుకల నంటించి పచ్చల నగలకు తళుకు గల్పించిరి.

ఇట్టివారిలో నొకడు నైన్‌సుఖుడు. హిమాలయపాదమందలి గులేరువాడు, పండిత సేవు కుమారుడు. 1730లో గీతగోవిందమునకు చిత్రములు వ్రాసిన మానకు ఇతని యన్న. నైన్‌సుఖుడు జస్రోటా రాజకుటుంబీకుడగు బల్వంతసింగు నాశ్రయించి, ఆయన గానము వినుటయు, వేటాడుటయు, గడ్డము దిద్దించుకొనుటయు గూడ చిత్రించెను. 1763లో బల్వంతసింగు మరణింపగా, ఆయన యస్థికలతో హరిద్వారమునకు బోయి, తీర్థపురోహితుని వహీలో స్వహస్తముతో వ్రాసి, రేఖాచిత్రమును గూడ గీచెను.

ఆనంద కుమారస్వామి 1916లో తన గ్రంథముచే రాజపుత్ర, పహాడీ చిత్రముల గొప్పతనమును లోకమునకు జాటెను. పిమ్మట బి. ఎన్. గోస్వామి పండాల వహీలను శోధించి చిత్రకారుల వంశావళులను వెలికిదీసి, పహాడీ శైలికి మూలము రాజ్యము కాదు, చిత్రకార కుటుంబమేయని 1968లో ప్రతిపాదించెను.

నైన్‌సుఖుని చిత్రములు కొన్ని నేడు లండనులోని విక్టోరియా-ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నవి. సముద్రములు దాటిన చిత్రములను మరల దెచ్చుట మన చేతిలోని పని కాకపోవచ్చును. కాని చిత్రకారుల పేరులను దెచ్చుకొనుటకు మన కెవ్వరి యనుమతియు నక్కఱలేదు. అవి మన దేశమందే, మన తీర్థపురోహితుల పుస్తకములందే దొరకినవి.

కావున మన యిండ్ల యటకలపై నున్న పాత లెక్కలను, చేతివ్రాతలను చెదలపాలు గానీయకుడు. మన శిల్పులు, చిత్రకారులు, నేతగాండ్రు నెవ్వరో తెలుపు పంక్తి వానియం దొకటి యుండవచ్చును. ఇకమీదట హైదరాబాదు సాలార్‌జంగు ప్రదర్శనశాలలో నొక చిన్ని చిత్రము నెదుట నిలిచినపుడు, రాజెవ్వరని యడుగుటకు ముందు, వ్రాసినవా డెవ్వడని యడుగుదము.