కుక్కపిల్లకూ కేవైసీ కావాలి
(లంబాలైన్‌లో సిబ్బంది కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సహోద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు, ముఖ్యంగా కుక్కపిల్ల కావాలని ఇంట్లో పోరు పెడుతున్న పిల్లలకు నమస్కారం.

ఖాతా తెరవడానికి వచ్చినవారిని మనం కేవైసీ అడుగుతాం. పదేళ్లకు పైగా మనింట్లో ఉండబోయే కుక్కపిల్లను మాత్రం ఫోన్‌లో ఫొటో చూసి, అడ్వాన్సు పంపి, చెన్నై నుంచో కోల్‌కతా నుంచో తెప్పించుకుంటాం. దాని తల్లి ఎక్కడ, ఎలా ఉందని అడగం.

ఆ తల్లి పప్పీ మిల్లులో ఉండవచ్చు. అంటే లాభం కోసమే కుక్కలను వరసగా ఈనించే చోటు. ఇరుకు బోను, కంపు, చీకటి. ఎదకు వచ్చిన ప్రతిసారీ చూడి కట్టించడం, కళ్లు తెరిచిన కొద్దిరోజులకే పిల్లలను అమ్మేయడం. ఇక ఈనలేదని తేలిన తల్లి వాళ్ల లెక్కల్లో మొండి బకాయి.

దీనికి చట్టం లేకపోలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలపై నిబంధనలు వచ్చాయి. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను ఈనించకూడదు. కాబట్టి నమోదు పత్రం అడగండి, తల్లిని చూపించమనండి. చూపించకపోతే బేరం వదిలేయండి. జాలిపడి డబ్బిచ్చి తెచ్చుకుంటే ఒక పిల్ల బయటపడుతుంది, ఆ డబ్బుతో తల్లి మళ్లీ చూడి అవుతుంది. అది కొనుగోలే, రక్షణ కాదు.

అసలైన రక్షణ దత్తత. మనలో చాలామందికి శ్రీకాకుళం, విశాఖలతో బంధుత్వాలున్నాయి. విశాఖలో వీఎస్‌పీసీఏ, హైదరాబాద్‌లో అక్కినేని అమల గారు 1992లో ప్రారంభించిన బ్లూక్రాస్ వంటి సంస్థలు కాపాడిన జంతువులను దత్తతకు ఇస్తున్నాయి.

అయితే మిల్లు నుంచి వచ్చిన కుక్క తొలిరోజే తోక ఊపదు. మెట్లు, మిక్సీ శబ్దం, మెడపట్టీ అన్నీ దానికి కొత్తే. మంచం కిందో మూలనో నక్కుతుంది. బలవంతంగా ఎత్తుకోకండి. వేళకు అన్నం పెట్టి, దగ్గర్లో నేలమీద కూర్చోండి చాలు. నెలలు పట్టవచ్చు. గేటు తెరిచి ఉంచొద్దు, భయంతో పారిపోతుంది. పళ్లు, చర్మం, గర్భసంచి పరీక్షలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

మన దీవులకు ఇంకో బాధ్యత ఉంది. అండమాన్ నికోబార్ రేబిస్ లేని ప్రాంతంగా పేరు పొందింది. బయటి నుంచి తెచ్చే ప్రతి కుక్కకూ టీకా, పశువైద్యుడి ధ్రువపత్రం తప్పనిసరిగా చూసుకోవాలి. కుక్క మీద ప్రేమ ఊరికి ముప్పు కాకూడదు.

చివరిగా, మనవి బదిలీల ఉద్యోగాలు. ఇక్కడ మన పోస్టింగు రెండు మూడేళ్లు, కుక్క ఆయుష్షు పన్నెండేళ్లు. ఓడలో తోడు తీసుకెళ్లలేమనుకుంటే దత్తత తీసుకోకండి. వీధిలో తిరిగే కుక్కకు రోజూ గిన్నెడు నీళ్లు, పిడికెడు అన్నం పెట్టినా పుణ్యమే. స్వర్గద్వారం దగ్గర కూడా ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదలనన్నాడు. బదిలీ ఉత్తర్వు చేతికొచ్చిన రోజున ఆ మాట మనమూ అనగలమా? అనగలిగితే, పిల్లలూ, మీ అమ్మానాన్నలను ఇంకాస్త పోరు పెట్టండి!