సీఈసీలో చేరిన పిల్లలు ఏం చదువుతారు?



పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మన ఇళ్లలో ఎక్కడ విన్నా ఒకటే మాట: "ఎంపీసీనా, బైపీసీనా?" ఆ ప్రశ్నకు మూడో జవాబు ఉందని చాలామంది పెద్దలకు తోచదు. తోచినా, "మార్కులు తగ్గాయండీ, సీఈసీలో వేశాం" అని గొంతు తగ్గించి చెబుతారు. జూనియర్ కాలేజీలో ఏళ్ల తరబడి కామర్స్ పాఠం చెప్పినవాణ్ని. ఆ తగ్గిన గొంతు విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అసలు ఆ రెండేళ్లలో పిల్లలు ఏం నేర్చుకుంటారో ఈ పూట చెబుతాను.

సీఈసీ అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. సివిక్స్ బదులు లెక్కలు తీసుకుంటే ఎంఈసీ. రెండింటిలోనూ కామర్స్ అంటే ఒక పక్క వాణిజ్యం, ఒక పక్క అకౌంటెన్సీ.

వాణిజ్యంలో మొదట వచ్చేవి సొంత వ్యాపారం, భాగస్వామ్యం, సహకార సంఘం, కంపెనీ. పుస్తకంలో ఇవి పొడిపొడిగా కనిపిస్తాయి కానీ, "మీ నాన్న, బాబాయి కలిసి నడిపే కొట్టు వీటిలో ఏది?" అని అడగండి, క్లాసు క్లాసంతా లేచి కూచుంటుంది. మన ఊళ్లలో స్నేహితులు నోటిమాట మీద కలిసి వ్యాపారం పెడతారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం అదీ చెల్లుతుంది. కానీ ఒప్పందంలో ఏమీ అనుకోకపోతే లాభం సమానంగా పంచుకోవాల్సిందే. ఒకరు లక్ష పెట్టి, ఇంకొకరు పదివేలు పెట్టినా సరే. పొద్దున్నుంచి రాత్రిదాకా కొట్లో కూర్చున్న భాగస్థుడికి విడిగా జీతం అడిగే హక్కూ ఉండదు. ఎన్ని స్నేహాలు, ఎన్ని అన్నదమ్ముల పొత్తులు ఈ చిన్న సంగతి తెలియక చెడిపోయాయో మీకూ తెలుసు. పదహారేళ్ల పిల్లవాడికి ఇది క్లాసులోనే తెలుస్తుంది.

ఇక అకౌంటెన్సీ. నాకు ప్రాణం అదే. "వాడి చిట్టా విప్పుతాను" అని మనం రోజూ అంటుంటాం కదా, ఆ చిట్టా ఇక్కడిదే. జరిగిన లావాదేవీ ముందు చిట్టాలోకి ఎక్కుతుంది, అక్కణ్నుంచి ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారిది వెళ్తుంది. ప్రతి పద్దుకూ రెండు కొసలు: ఒక ఖాతాకు డెబిట్, మరొక ఖాతాకు క్రెడిట్. దీన్నే జంటపద్దు విధానం అంటారు. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్న ఈ పద్ధతిని లూకా పాచియోలీ అనే క్రైస్తవ సన్యాసి 1494లో తన గణిత గ్రంథంలో వివరించి అచ్చువేయించాడు. ఐదువందల ఏళ్లు దాటాయి. కంప్యూటర్లో లెక్క రాసినా లోపల నడిచేది ఆ సూత్రమే.

ఒకసారి ఒక కుర్రాడు లేచాడు. వాళ్లది కిరాణా కొట్టు. "మా కొట్లో నూనె ప్యాకెట్టు మా ఇంటికి తెచ్చుకుంటే దానికి లెక్కేంటి సార్? అది మాదేగా!" అన్నాడు. "మీదే. కానీ లెక్కల్లో కొట్టు వేరు, మీ నాన్న వేరు. సొంతవాడకాల ఖాతాకు డెబిట్, కొనుగోళ్ల ఖాతాకు క్రెడిట్ రాయి" అన్నాను. ఆ సాయంత్రం నుంచి నలభై పేజీల నోటుబుక్కులో ఇంటికొచ్చిన బియ్యం, పప్పు, సబ్బులు అన్నీ కొన్న ధరకు రాయడం మొదలుపెట్టాడు. నెలాఖరుకు కూడితే ఐదువేలకు పైనే తేలింది. కొట్టు మీద ఏమీ మిగలడం లేదని వాళ్ల నాన్న ఏడాదిగా బాధపడుతున్నాడట. మిగులుతూనే ఉంది, వంటింట్లోకి వెళ్తోంది!

అన్ని ఖాతాల నిల్వలూ ఒకచోట చేర్చి రాసే పట్టీని అంకణా అంటారు. రెండు వైపులా సమానం కాకపోతే పిల్లల ముఖాలు వాడిపోతాయి. అప్పుడు నేను తేడాను తొమ్మిదితో భాగించి చూడమంటాను. తేడా 90 వచ్చిందనుకోండి, నిశ్శేషంగా పోతుంది. ఎక్కడో 450ని 540 అని అంకెలు తారుమారు చేసి రాసి ఉండవచ్చు. వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. దొరికిన క్షణాన ఆ పిల్లల కళ్లలో కనిపించే వెలుగు చూడటం కోసమైనా ఈ పాఠం చెప్పాలి. అంకణా కుదిరినంత మాత్రాన లెక్కంతా ఒప్పు కాదన్నదీ అప్పుడే నేర్పాలి. అసలు రాయకుండా వదిలేసిన అమ్మకం అందులో ఎక్కడా బయటపడదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. మనం ఈ పాఠాన్ని బట్టీ పెట్టిస్తున్నాం. చెక్కు ముట్టుకోకుండా, ఇన్‌వాయిస్ చూడకుండా, బ్యాంకు పాస్‌బుక్కు తిరగేయకుండానే రెండేళ్లు గడిచిపోతున్నాయి. ఇది మారాలి.

చార్టర్డ్ అకౌంటెంటు కావాలంటే ఎంఈసీయే చదవాలన్నది అపోహ. ఇంటర్లో ఏ గ్రూపువారైనా ఆ కోర్సులోని ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు. అందులో గణితం కూడా ఉంటుంది కాబట్టి సీఈసీ పిల్లలు పదో తరగతి లెక్కలు మరిచిపోకూడదు. ఆ దారి వద్దనుకుంటే బీకాం ఉంది, బ్యాంకు పరీక్షలున్నాయి, ఇంటి కొట్టు ఉండనే ఉంది.

తల్లిదండ్రులకు నా విన్నపం. అడ్మిషను ఫారం నింపే ముందు మీ అమ్మాయినో అబ్బాయినో వెంటబెట్టుకుని దగ్గర్లోని జూనియర్ కాలేజీకి వెళ్లండి. కామర్స్ లెక్చరర్‌ను అడిగి, నగదు పుస్తకం పాఠంలో ఒక్క లెక్క పిల్లల చేత చేయించండి. వాళ్లకు నచ్చితే, ఆ గ్రూపు పేరు అందరికీ వినబడేలా చెప్పండి.